అడ్డపొగ

“సిగరెట్టుకీ సుగరుకీ ఏటి సంబంధం మామ్మా?” దీపక్ రిపోర్టుని మంచం మీదకి విసిరేశాడు. “మీఠా, తీపన్నదే ముట్టను. ఒంటి మీద కొవ్వన్నదే లేదు. ఇరవై నాలుగేళ్ళకే సుగరేటి?”

సుగరు ఇంకా రాలేదు, గుమ్మం దాకా వచ్చిందంతే. డాక్టరమ్మ అతనికి తెలిసిన భాషలోనే చెప్పింది. “ఇన్సులిన్ రోజూ డ్యూటీకి వస్తోంది, నీ సిగరెట్టు పొగే గేటు తియ్యనివ్వడం లేదు. మూడు నెలలు పూర్తిగా మానెయ్. తగ్గకపోతే మాత్రలు మొదలెడదాం.” ప్లాంటులో వెల్డింగ్ చేసేవాడికి గేటు సంగతి వేరే చెప్పాలా! అయినా రోజుకి పదిహేను ఊదేవాడికి అంత తేలిగ్గా ఎక్కుతుందా?

సూరమ్మ ఆవకాయైనా నంజుకోకుండా మజ్జిగన్నం తినేసి, బాగ్‌బేరా కాలనీలోని తమ క్వార్టరు గడపలో కూర్చుని చుట్ట ముట్టించింది. అడ్డపొగ. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం.

“మానేయరా నాయినా. సుగరుకే కదా మీ నాన్న కాలి ఏలు తీసేసినారు! మరిసిపోనావా?”

“నువ్వు యాభై ఏళ్ళుగా నిప్పు నోట్లో ఎట్టుకుంతన్నావు. నీకేటైంది? ముందు నువ్వు మానెయ్!”

సూరమ్మ నోట్లోంచి చుట్ట తీసి చెంబు నీళ్ళలో ముంచేసింది.

“మానేసినాను. ఇక నువ్వు.”

“ఠీక్ హై,” అన్నాడు దీపక్, జేబులోని సిగరెట్టు పెట్టె తీసి బయటికి విసిరేస్తూ.

అమ్మో, ఆ మూడు నెలలూ ముసలమ్మ పడ్డ పాట్లు పగవాడిక్కూడా వద్దు! జీలకర్ర నమిలింది, గోడలతో దెబ్బలాడింది. చెయ్యేమో ఊరికే రొంటిలోని చుట్టల సంచి మీదకి పోయేది. అది చూస్తూ మనవడు ఎలా ముట్టిస్తాడు? టీ బడ్డీ దగ్గర దోస్తులు సిగరెట్టు చాస్తే, “ఇంట్లో మామ్మే మానేసిందిరా, సిగ్గేత్తాది,” అని చేతులు జేబుల్లో పెట్టుకునేవాడు.

ఇవాళ ఆస్పత్రిలో డాక్టరమ్మ కొత్త రిపోర్టు చూసి నవ్వింది. “గేటు తెరుచుకుంది. మాత్రలక్కర్లేదు. సిగరెట్టు జోలికి మాత్రం మళ్ళీ పోకు.”

దీపక్ వరండాలోకి పరుగెత్తుకొచ్చి, బెంచీ మీదున్న సూరమ్మ కాళ్ళు రెండూ పట్టేసుకున్నాడు.

“తగ్గిపోనాది మామ్మా! నా కోసం యాభై ఏళ్ళ అలవాటు ఒదిలేసినావు. నీ రుణం ఈ జన్మకి తీరదు.”

సూరమ్మ వాడి తల నిమిరి, రొంటిలోంచి చుట్టల సంచి తీసింది. మళ్ళీ ముట్టిస్తుందేమోనని దీపక్ చెయ్యి అడ్డం పెట్టబోయాడు. అందులో చుట్ట లేదు, నలిగిన ఆస్పత్రి చీటీ ఒకటుంది. తేదీ చూస్తే దీపక్ మొదటి రిపోర్టు కంటే నెల ముందుది. అంగిట్లో తెల్లమచ్చ, పొగ మానకపోతే కేన్సరయ్యే ప్రమాదం, అని పళ్ళ డాక్టరు రాశాడు. దాని కింద అదే చేతిరాతలో ఇవాళ్టి తేదీతో ఇంకో వరుస ఉంది: మచ్చ తగ్గుతోంది.

“దణ్ణం నానెట్టాలిరా నీకు,” అంది సూరమ్మ కళ్ళు తుడుచుకుంటూ. “ఆ చీటీ రొంటినెట్టుకుని నెల్రోజులు తిరిగినాను... నానొక్కదాన్నే అయితే ఒక్క పూటైనా మానలేకపోనాను.”