ఇంటింటి తనిఖీ

ఆదివారం ఉదయం పదకొండు గంటలకు సోలార్ సంఘం నెలవారీ ఇంటింటి తనిఖీని రద్దు చేసింది. ఒక్క ఓటు తేడాతో. ఇకపై ప్యానెళ్లలో లోపం ఫోన్లోనే తెలుస్తుంది. ఏదైనా చెడితేనే మెకానిక్ వస్తాడు.

కరెంటు వాడుకునే ఇళ్లవాళ్లే ఆ సంఘానికి యజమానులు. ఇంటికో ఓటు. మెకానిక్ ఇంటి మీద కూడా ప్యానెళ్లున్నాయి కాబట్టి అతనికీ ఒకటి ఉంది. రద్దు వద్దని చెయ్యెత్తాడు.

"పని తగ్గిస్తామంటే ఏడుస్తావేంటయ్యా! నీలాంటివాణ్ణి ఎక్కడా చూళ్లేదు" అన్నాడు అధ్యక్షుడు. సభ్యులు నవ్వారు.

రద్దు చేయాలని ఎత్తిన చేతుల్లో మూడో అంతస్తు పెద్దావిడ చెయ్యి కూడా ఉంది. సభ ముగిశాక మెకానిక్ ఆమెను గుమ్మం దగ్గర ఆపాడు.

"మీరు కూడానా పిన్నిగారూ?"

"నువ్వు తప్ప నా గడప తొక్కేవాళ్లెవరున్నారు నాయనా? కానీ ఆ మెట్లెక్కేసరికి నీ మోకాలు పడే బాధ చూస్తున్నాగా. నా కబుర్ల కోసం నిన్ను చంపుకోనా?"

"మోకాలిదేముందండీ." అతను పనిముట్ల సంచీని ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "ప్రతి నెలా మీ ఇల్లు ఆఖరున పెట్టుకునేవాణ్ణి. ఆ తర్వాత వెళ్లాల్సింది మా ఇంటికే. అక్కడ ఎవరూ లేరు."



"ఊరికే రావచ్చుగా?" అంది ఆమె.

"పని లేకుండా ఒకరి తలుపు కొట్టడం నాకు చేతకాదండీ."

తీర్మానం ఒకటో తారీఖు నుంచి అమల్లోకి వస్తుంది. ఆమె ఇంట్లో ఆఖరి తనిఖీ గురువారం సాయంత్రం.