టవర్ పక్కన కుర్చీ

ఐస్ ఫ్యాక్టరీ కూలింగ్ టవర్ తొట్టిలో చెయ్యి పెట్టి, మెకానిక్ మోహన్ మూరెడు పాచి పైకి లాగాడు. ఏనుగు చీదినట్టుంది. ఓనరు బంగారరాజుకి డోకొచ్చింది.

“క్లోరిన్ వెయ్యడం మానేసేరాండీ?”

“మానేసేనయ్యా. మా ఆవిడకి ఆ వాసన పడదు. రోజూ సాయంత్రం ఈ టవర్ నుంచి పడే తుంపరల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేది. ఊటీ మనింటికే వచ్చిందనేది.”

“క్లోరిన్ లేకపోతే ఈ పాచిలో క్రిములు పెరుగుతాయండి. తుంపరతోపాటు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.”

బంగారరాజు టవర్ పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూశాడు. భార్య సత్యవతి అమలాపురం ఆసుపత్రిలో నిమ్ముతో ఆయాసపడుతోంది. ఎక్కణ్ణుంచి పట్టుకుందో డాక్టరుకే అంతు చిక్కలేదు.

“ఆ పాచి సీసాలో పెట్టవయ్యా. డాక్టరు గారికి చూపించాలి.”

“ఏమని చెబుతారండీ?”

“ఆవిడ ముక్కుకి జడిసి నేనే పెంచేనని చెబుతాను.”