ఒక జత ఉన్నిబట్టలు

ఆ రోజు తను ఇంకో పది నిమిషాలు నీళ్ళలో ఉండగలిగేవాడా?

పదకొండేళ్ళుగా హల్వార్‌ను వదలని సందేహం ఇది. చర్చిలో కూడా వదల్లేదు. ఆదివారం అందరూ లేచి ప్రభువు బల్ల దగ్గరకు వెళ్తుంటే, అతను చివరి బెంచీలో తన బూట్ల వంక చూస్తూ కూర్చుండిపోయేవాడు.

"చేతులు పైకెత్తండి మాస్టారూ" అంది సున్నివా.

ఎత్తాడు హల్వార్, ఆమె డైవింగ్ సామాన్ల కొట్టు మధ్యలో, దొరికిపోయిన దొంగలా.

"కుడిచెయ్యి తల వెనక్కి పోనివ్వండి. వీపున గాలి సిలిండర్ ఉందనుకోండి, దాని మీట అందాలి. అందుతోందా?"

"భుజం దగ్గర పట్టేస్తోంది. బట్ట బిగువనుకుంటా."

"బట్టది కాదు తప్పు, పొట్టది." నవ్వుతూ ఇంకో సైజు తీసింది. అంతలో గుమ్మంలో విడిచిన అతని బూట్లు కనిపించాయి. వెళ్ళి వాటిని లోపలికి జరిపింది. "అలవాటు పోలేదు నాకు. ఎస్పెన్ ఎవరి బూట్లు దగ్గరుంటే అవి తొడుక్కుపోయే మనిషి కదా! ఒక క్రిస్మస్‌కి పాస్టరుగారు మా బావ చెప్పుల్లో ఇంటికెళ్ళారు."

హల్వార్ నవ్వలేకపోయాడు.

నార్వే ఉత్తరాన ఆ చిన్న దీవిలో సముద్రంలోకి దిగేవాళ్ళందరికీ పాఠం చెప్పింది అతనే. సున్నివాకీ, ఆమె మొగుడు ఎస్పెన్‌కీ కూడా. పదకొండేళ్ళ కిందట ఆల్చిప్పల కోసం ఒంటరిగా దిగిన ఎస్పెన్ పైకి రాలేదు. కబురందగానే వెతకడానికి దిగింది హల్వారే. ఆ తర్వాత అతను మళ్ళీ నీళ్ళలోకి దిగలేదు.

"ఒంటికి తగిలేలా ఈ పల్చటి ఉన్ని. దానిమీద ఈ బొచ్చు జత. ఆపైన నీళ్ళు చొరని డ్రైసూట్. ఇంతకన్నా మందం వద్దు, తేలిపోతారు, మునగడానికి నడుముకు బోలెడు సీసం కట్టుకోవాలి. ఇవన్నీ మీరు నేర్పినవే. మొదటి పాఠం గుర్తుందా?" సున్నివా గొంతు బొంగురు చేసింది. "'నూలుబట్ట చెమట తాగుతుంది, తర్వాత ఒంట్లో వేడి తాగుతుంది. నూలు వేసుకొచ్చినవాడు ఇంటికి పోవచ్చు!'"

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"మళ్ళీ దిగుతున్నారట?"

"డైవింగ్ క్లబ్బు గాలింపు జట్టులో మనిషి తక్కువయ్యాడు. కాదనలేకపోయాను."

"మంచిదే." ఆమె మడతలు సర్దుతోంది. "పదకొండేళ్ళలో ఈ గడప తొక్కలేదు మీరు. ఎందుకో నాకు తెలుసులెండి."

హల్వార్ గభాలున ఆమె వంక చూశాడు. తెలుసా? ఆమె మాత్రం తలెత్తలేదు.

అతను జేబులోంచి బ్యాంకు కార్డు తీశాడు.

"లోపల పెట్టండి. మీ దగ్గర తీసుకుంటానా? నేనే మీకు బాకీ."

ఆ రోజు ఎస్పెన్‌ను వెతికినందుకన్నమాట. తిట్టినా భరించేవాడు. బట్టల మూట మళ్ళీ బల్లమీద పెట్టేశాడు.

"సున్నివా, నేను చివరిదాకా చూడలేదు."

ఆమె చేతులు ఆగిపోయాయి.

"నీళ్ళ అడుగున రాతి అంచు వెంట తాడు పట్టుకుని వెళ్ళాను. సగంలోనే వణుకు మొదలైంది. వేళ్ళు తాడును పట్టలేదు. వెనక్కొచ్చేశాను. పడవ నడిపిన క్నూత్ 'చివరిదాకా చూశావా' అనడిగితే తలూపాను. మర్నాడు పోలీసులకు ఎస్పెన్ దొరికింది నేను వెనక్కి తిరిగిన చోటికి పది మీటర్ల అవతల."

ఆమె చేతిలోని మడతను బల్లమీద పెట్టింది.

"అంచు దగ్గర లేడన్నారుగా. ఏ లంకకో ఈదుకెళ్ళి ఉంటాడనుకున్నాను. తెల్లారేదాకా సూప్ వేడి చేస్తూనే ఉన్నాను."

"తెలుసు. మీ కిటికీ మా ఇంటికి కనిపిస్తుంది."

బయట పడవలు ఒకదానికొకటి రాసుకుంటున్న చప్పుడు.

"మీరు వణకడమేంటి మాస్టారూ? ఆ నీళ్ళలో నలభై నిమిషాలు ఉండేవారు."

ఇది చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది అతనికి. "లోపల నూలుబట్టలు వేసుకున్నాను."

"మీరా?"

"నేనే. ఊరందరికీ పాఠం చెప్పినవాణ్ణే. క్లబ్బు ఆరబెట్టే గదిలో నా ఉన్ని జత కొక్కేనికి కనపడలేదు. బూడిదరంగుది. మోచెయ్యి చిరిగితే, ఆ రంగు దొరక్క మా ఆవిడ ఎర్ర ఉన్నితో రఫ్ఫు చేసింది. ఎక్కడ పారేసుకున్నానో! వెతికే వ్యవధి లేదు. ఒంటిమీదున్న వాటితోనే దిగిపోయాను. దేవుడికి చెప్పుకున్నాను గానీ, నీకు చెప్పకుండా ఆయన బల్ల ముందుకు వెళ్ళబుద్ధి కాలేదు. అంతా నా అజాగ్రత్త."

సున్నివా మొహం పాలిపోయింది.

"పారేసుకున్నాననే అనుకుంటున్నారా? ఇప్పటికీ?"

జవాబు కోసం ఆగకుండా లోపలి గదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడైంది. కాగితంలో చుట్టిన పొట్లం తెచ్చి అతని ముందు పెట్టింది. ఈసారి తలొంచుకుని నిలబడింది ఆమె.

"ఎన్నిసార్లో మీ గుమ్మందాకా వచ్చి తిరిగెళ్ళాను" అంది.

హల్వార్ కాగితం విప్పాడు. బూడిదరంగు ఉన్ని. ఉతికి, మడతపెట్టి ఉంది. చొక్కా ముందుభాగాన్ని మెడ నుంచి కిందిదాకా ఎవరో కత్తెరతో కోసేస్తే, మళ్ళీ సన్నటి కుట్లతో కలిపినట్టుంది. మోచేతి దగ్గర ఎర్ర రఫ్ఫు చెక్కుచెదరలేదు.

"ఆసుపత్రిలో కోసి తీసి ఇచ్చారు. ఆ రోజు ఎస్పెన్ తొడుక్కుపోయింది ఇదే, మాస్టారూ."