రెండో వరుస చివరి సీటు

"ఎక్స్‌క్యూజ్ మీ... కొంచెం అడ్జస్ట్ అవుతారా?"

రైలెక్కినా, విమానమెక్కినా, పెళ్ళి పంక్తిలో కూర్చున్నా మనవాళ్ళ నోట ముందుగా వచ్చే మాట అదే. అమెరికాలో నోవై అనే ఊరి నుంచి మంచులో డ్రైవ్ చేసుకుంటూ డెట్రాయిట్ స్టేడియానికి వచ్చిన గిరిజ, ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి ఒక తెల్లాయన మీద ప్రయోగించింది.

ఆయనకు ఎనభై దగ్గరపడి ఉంటాయి. పాత కోటు వేసుకుని, రెండో వరుస చివరి సీటులో కొత్తగా బళ్ళో చేరిన పిల్లాడిలా బుద్ధిగా కూర్చున్నాడు.

ఎదురుగా స్టేజీ మీద రెండు పియానోలు ముఖాముఖిగా ఉన్నాయి. వాల్ట్ డెనిసన్, ఫ్రాంక్ లోరీ ఇద్దరూ డెబ్బై దాటిన రాక్ స్టార్లు. జీవితమంతా నువ్వా నేనా అని పోటీపడి, ఇప్పుడు కలిసి ఊరూరా కచేరీలు చేస్తున్నారు.

ఆఖరి నిమిషంలో గిరిజకు రెండు టికెట్లు దొరికాయి. ఒకటి ఈ ముసలాయన పక్కనే. రెండోది ఎక్కడో పైన, కప్పుకు ఆనుకుని.

"అమ్మా, ప్లీజ్! సో ఎంబరాసింగ్. నేను ఒక్కదాన్నే కూర్చుంటా," అంది పన్నెండేళ్ళ దేదీప్య.

"నువ్వాగు. నిన్ను ఒక్కదాన్నే ఎలా వదిలేస్తాననుకున్నావ్?"

"మీ సీటు ఎక్కడ?" అడిగాడు ముసలాయన.

గిరిజ పైకి చూపించింది. ఆయన మెడ బాగా వెనక్కి వంచి చూడాల్సి వచ్చింది.

"అబ్బో!" అని నవ్వాడు.

గిరిజకు సిగ్గేసింది. అయినా తగ్గలేదు. దగ్గరగా వంగి అసలు సంగతి చెప్పేసింది.

"మా అమ్మాయి పియానో బాగా వాయిస్తుందండీ. మొన్న వేసవిలో స్టేజీ మీద భయంతో బిగుసుకుపోయింది. కార్లో ఇంటికెళ్ళేదాకా నేను తిడుతూనే ఉన్నాను. అప్పటినుంచి పియానో ముట్టుకోలేదు. నాతో కూడా సరిగ్గా మాట్లాడదు. కనీసం ఇవాళైనా పక్కన కూర్చుందామని..."

మాట సగంలో ఆపి, పై సీటు టికెట్ ఆయన ముందుకు చాపింది.

ముసలాయన ఒక్కసారి స్టేజీ వైపు చూశాడు. తర్వాత దేదీప్య వైపు తిరిగాడు.

"భయం వేసిందా?"

దేదీప్య తలూపింది.

"నాకూ వేస్తోంది, ఇంత ముందు కూర్చోవాలంటే."

సీటు చేతి మీద బరువు వేసి నెమ్మదిగా లేచాడు.

"మీరు కూర్చోండమ్మా. నాకు వినిపిస్తే చాలు."

ఆ టికెట్ అందుకుని, గిరిజ థాంక్స్ చెప్పేలోపే మెట్ల వైపు నడిచాడు.

"మామ్, హి ఈజ్ సో ఓల్డ్. దట్స్ నాట్ నైస్."

"ఆయనేమైనా ఫీలయ్యాడా? ఎవరో ఫ్రీ టికెట్ ఇచ్చుంటార్లే. ఆయనకి ముందైనా వెనకైనా ఒకటే," అంది గిరిజ. కూతురికంటే తనకే ఎక్కువగా చెప్పుకుంది.

కచేరీ మొదలైంది. ఒకాయన మొదలుపెట్టిన పాటను రెండో ఆయన అందుకుంటున్నాడు. జనం లేచి ఊగిపోతున్నారు. గిరిజ మాత్రం స్టేజీ చూడలేదు. కూతురి వేళ్ళు మోకాళ్ళ మీద కదులుతున్నాయి. ఎన్ని నెలలకు! ఆమె కళ్ళు నిండిపోయాయి. ఆ సంతోషంలో ముసలాయన్ని పూర్తిగా మరిచిపోయింది.

ఆఖరి పాటకు ముందు వాల్ట్ డెనిసన్ మైకు అందుకున్నాడు.

"ఈ టూర్లో ప్రతి ఊళ్ళోనూ రెండో వరుస చివరి సీటు ఒక మనిషి కోసం అట్టేపెట్టాను. ప్రతి ఊళ్ళోనూ ఖాళీగానే మిగిలింది. ఆయన నా కచేరీకి ఎన్నడూ రాలేదు. ఇవాళ ఆ టికెట్ మీద ఎవరో లోపలికి వచ్చారట. లైట్లు కళ్ళలో పడి నాకేమీ కనిపించడం లేదు. ఆ సీటు మీద లైటు వెయ్యండి!"

లైటు గిరిజ మీద పడింది. పెద్ద తెరల మీద నోరు తెరుచుకున్న గిరిజ ముఖం వెలిగింది.

వాల్ట్ స్టేజీ అంచుకు వచ్చి, వంగి చూశాడు. నవ్వు ఆరిపోయింది.

"ఓ... సారీ, మేడమ్," అని పియానో వైపు తిరిగాడు. ఇంతసేపూ కనబడని ముసలితనం ఆయన నడకలో కనబడింది.

గిరిజకు చెప్పాలని ఉంది. నోరు రాలేదు. వేలమంది తననే చూస్తున్నారు. స్టేజీ మీద బిగుసుకుపోయావేమని కూతుర్ని తిట్టిన మనిషి తనే బిగుసుకుపోయింది.

అంతలో దేదీప్య కుర్చీ ఎక్కి నిలబడింది.

"హి కేమ్!" అని గొంతు చించుకుని అరిచింది. "ఆయన వచ్చారు! మా అమ్మ అడిగితే సీటు ఇచ్చేశారు! పైన ఉన్నారు, లాస్ట్ రో!"

లైటు ఒక్కో వరుసే ఎక్కుతూ కప్పు దాకా వెళ్ళింది. అక్కడ పాత కోటు ముసలాయన, వెలుగుకు చెయ్యి అడ్డం పెట్టుకుని, వద్దు వద్దన్నట్టు రెండో చెయ్యి ఊపుతున్నాడు.

వాల్ట్ మళ్ళీ స్టేజీ అంచుకు వచ్చాడు. ఫ్రాంక్ లోరీ లేచి వచ్చి ఆయన భుజం పట్టుకున్నాడు. గిరిజ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. దేదీప్య విడిపించుకోలేదు.

"మా ఇంట్లో పియానో ముందు ఒక్కటే స్టూలు ఉండేది," అన్నాడు వాల్ట్ మైకులో. "నాకంటే బాగా వాయించే మా అన్నయ్య, నాన్న పోయిన రోజున ఆ స్టూలు మీద నన్ను కూర్చోబెట్టి తను కార్ల ఫ్యాక్టరీలో పనికి వెళ్ళాడు. ఇవాళ కూడా ఎవరో చిన్నపిల్ల కోసం లేచిపోయాడు."