కట్టమ్మ చెల్లెలు

కొత్తవాడలో మగ్గం ఆగిందంటే పక్కింటికి తెలిసిపోతుంది.

గోపాల్ ఇంట్లో మగ్గం నెలనెలా ఆగేది. నేలమీద పరిచే జంఖానా నేతకు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు లేస్తే రెండోవారు చేతులు కట్టుకుని కూర్చోవలసిందే.

ఆ రోజూ ఆగింది. గోపాల్ భార్య యాదవ్వ పొత్తికడుపు పట్టుకుని మగ్గం పక్కనే నేలమీద ముడుచుకుపోయింది.

"మళ్ల మొదలువెట్టింది," అంది అత్త లక్ష్మీనర్సమ్మ. "ఆడదన్నంక నొప్పి రాదా? మేం నెయ్యలేదా, మేం కనలేదా?"

కనలేదా అన్న మాట ఊరికే రాలేదు. పెళ్లయి ఆరేళ్లయినా యాదవ్వ కడుపు పండలేదు. కొడుక్కు మళ్లీ పెళ్లి చేయాలని లక్ష్మీనర్సమ్మ తొర్రూరులో పిల్లను కూడా చూసి ఉంచింది. దసరా దాటితే మాటలే.

అదే సమయానికి గుమ్మంలో కట్టమ్మ నిలబడి ఉంది. కొత్తవాడలో జంఖానాలు కొని, మూట నెత్తిన పెట్టుకుని పరకాల, తొర్రూరు తిరిగి అమ్ముకునే మనిషి. ఆమె వెనకాముందూ వాడలో ఎవరికీ తెలియవు. బేరం మాత్రం గీసి గీసి ఆడుతుందని తెలుసు.

ఆ రోజు బేరమే ఆడలేదు. మూట దించి యాదవ్వ పక్కన కూర్చుంది. నొప్పి ముట్టుకు ముందే మొదలవుతుందా, నడుములోకి దిగుతుందా అని అడిగింది. మగడితో ఉన్నప్పుడు కూడా నొస్తుందా అని చెవిలో అడిగింది. యాదవ్వకు ఏడుపొచ్చింది. ఆ మాట ఆమెను అంతవరకు అడిగిన దిక్కు లేదు.

"ఇది ఓర్చుకునే నొప్పి కాదక్కా, బీమారి," అంది కట్టమ్మ లక్ష్మీనర్సమ్మతో. "మా చెల్లెకు గిట్లనే ఉండె. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర బయట గూడ మొలుస్తదట. నెలనెలా అది గూడ రక్తం కారుతది. బయటికి పోయే తొవ్వ ఉండదు. గంజి ఎండిన పడుగు లెక్క లోపల అన్నీ అతుక్కపోతయి. ఇగ కడుపెట్ల పండుతది? దవాఖానల డాక్టరమ్మ కోసి సాఫ్ చేస్తది."

కోసి అన్న మాటతో పని చెడింది.

ఎమర్జెన్సీ పోయి రెండేళ్లే అయింది. ఆపరేషన్ అంటే వాడంతటికీ తెలిసింది ఒక్కటే ఆపరేషన్. లక్ష్మీనర్సమ్మకు సంగతంతా అర్థమైపోయింది, తప్పుగా. పిల్లలే పుట్టని దానికి కుటుంబ నియంత్రణ చేయించే ఘనురాలు వచ్చిందని మూట తీసి వాకిట్లో పడేసింది. ఆపరేషన్‌కు కేసులు పట్టించి పైసలు తింటావా అని వాడ ఆడవాళ్లు కూడా తలో మాట అన్నారు.

కట్టమ్మ మూట దులుపుకుని వెళ్లిపోయింది. ఇంకొకరైతే ఆ గడప మళ్లీ తొక్కరు. ఈమె మరుసటి నెల వచ్చింది. ఆ పై నెల కూడా వచ్చింది. తిట్లు తినడం కూడా వ్యాపారంలో భాగమే అన్నట్టు అరుగుమీద కూర్చుని, అదే ముచ్చట మళ్లీ ఎత్తేది. ఎంత మొండి ఘటమమ్మా అని వాడంతా విసుక్కుంది.

"నీకేమన్న పిల్లలున్నరా, లేక ఊరోళ్ల కడుపుల మీదనే పడ్డవా?" అని ఒకనాడు లక్ష్మీనర్సమ్మ నిలదీసింది.

"ఎందుకు లేరక్కా? పరకాలల ఉన్నరు, తొర్రూర్ల ఉన్నరు."

దాంతో లక్ష్మీనర్సమ్మ మెత్తబడింది. గొడ్రాలు ఎదురొస్తే ప్రయాణం మానుకునే మనిషి ఆమె. పిల్లలతల్లి చెబితే మాత్రం వింటుంది. మరి మీ చెల్లె కన్నదా అని అడిగింది.

కట్టమ్మ మూట ముడి విప్పి మళ్లీ కట్టింది.

"లేదక్కా. అందరు ఓర్చుకో అన్నరు, ఓర్చుకున్నది. డాక్టరమ్మ దగ్గరికి పొయ్యేసరికి సంచే తీసెయ్యాల్సొచ్చింది. మొగుడు ఇంకోదాన్ని తెచ్చుకున్నడు."

మగ్గం మీద గోపాల్ చేయి ఆగింది.

"దవాఖానకు పోదాం అవ్వా," అన్నాడు తల్లితో. ఆమెకు అతను ఎదురు చెప్పడం అదే మొదలు.

బయలుదేరే నాడు లక్ష్మీనర్సమ్మ ఒక షరతు పెట్టింది. పిల్లలతల్లి చేతితో కోడలి ఒడి నింపి పంపాలి. కట్టమ్మనే పిలిచింది. బియ్యం, కొబ్బరికాయ అందుకునే ముందు కట్టమ్మ రెండు చేతులూ కొంగుకు తుడుచుకుంది. తర్వాత యాదవ్వ ఒడిలో పోసి, నవ్వుకుంటూ రా బిడ్డా అంది.

డాక్టరమ్మ అతుక్కున్నవి విడదీసింది. పాతరక్తం నిండిన గడ్డ తీసింది. నొప్పి తగ్గుతుంది గానీ పిల్లల సంగతి ఖాయంగా చెప్పలేనంది. అయినా మరుసటి ఏడాది యాదవ్వ ఆడపిల్లను కన్నది. తొర్రూరు సంబంధం ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తొట్టెల పండగ వచ్చింది. పక్కింటి సోమక్కకు పిల్లలు లేరని లక్ష్మీనర్సమ్మ ఆమెను గడప దగ్గరే కూర్చోబెట్టింది. పిల్లను కట్టమ్మ చేతితోనే తొట్టెలో వేయించాలని పట్టుపట్టింది. కట్టమ్మ వాడవైపు రాక చాన్నాళ్లయింది. పరకాలకు కబురు పంపారు.

కట్టమ్మ రాలేదు. చంకలో పిల్లవాడితో సమ్మమ్మ అనే ఆమె వచ్చింది. కట్టమ్మ జ్వరంతో పోయిన నెలే కాలం చేసిందని చెప్పి, ఒక జంఖానా విప్పింది. యాదవ్వ నొప్పితో నేస్తుంటే అంచు వంకరపోయిన జంఖానా అది. కట్టమ్మ దాన్ని బేరం లేకుండా కొనుక్కుపోయింది. ఎవరికీ అమ్మకుండా దాచి, యాదవ్వ బిడ్డ తొట్టెలో పరవమని చెప్పి పోయిందట.

లక్ష్మీనర్సమ్మకు దుఃఖం ఆగలేదు. నువ్వు ఆమె బిడ్డవా అని అడిగింది.

"కాదవ్వా. నాకు గూడ గదే బీమారి ఉండె. మా ఇంటోళ్లు తిట్టంగ తిట్టంగ నన్ను గూడ ఆమెనే దవాఖానకు తీస్కపోయింది, గప్పుడే వీడు పుట్టిండు. తొర్రూర్ల ఇంకొకామె ఉన్నది. మమ్ములనే నా పిల్లలు అనేది."

"మరి ఆ చెల్లెకన్న కబురు చెప్పిన్రా?"

"ఏ చెల్లె? ఆమెకు తోడవుట్టినోళ్లే లేరు. సంచి తీసేసింది ఆమెకే."

ఆనాడు లక్ష్మీనర్సమ్మ పిల్లను తొట్టెలో వేయించింది, గడప దగ్గర కూర్చున్న సోమక్క చేతితో.