హార్బర్ బాయ్స్ కూత

"ఆ కూత కోసేస్తేనే ఒప్పుకుంటాను. లేదంటే ఆ రికార్డు ఊసే ఎత్తొద్దు" అన్నాడు కృపావరం.

"అయ్యో అంకుల్! ఆ కూత కోసమే కదండీ చెన్నై నుంచి పరిగెత్తుకొచ్చింది!" అంది ప్రియ.

జనం మరిచిపోయిన పాత రాక్ రికార్డుల్ని వెతికి పట్టుకుని మళ్ళీ విడుదల చేసే చిన్న కంపెనీ ఆమెది. కాలేజీ రోజుల్లో కృపావరం, అతని స్నేహితులూ 'హార్బర్ బాయ్స్' అని పేరు పెట్టుకుని బందరు మిషన్ హాల్లో ఒక పాట టేపు చేసి, రికార్డు వేయించారు. కొన్నవాళ్ళు పెద్దగా లేరు. మిగిలిన కాపీలు ఉప్పెన నీళ్ళలో పోయాయి. ఇన్నేళ్ళకి ఎక్కడో జపానులో ఒకాయన దగ్గర ఒక కాపీ బయటపడిందట.

"చివర్లో గిటారు అలా గొంతు చించుకుని అరుస్తుంటే, మీరు దాన్ని మించి పాడారు చూడండీ... విన్నవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తోంది!"

"అరుపేంటమ్మా! అది ఏలీయాగాడి పొగరు. గిటారు సౌండు తగ్గించరా బాబూ అంటే విన్నాడా? ఇంకోసారి పాడదామంటే టేపు అయిపోయింది. బంగారంలాంటి పాట మీద మట్టి కొట్టాడు."

"ఆ మాటే నలుగురిలో అన్నారు ఆరోజు" అంది అప్పుడే కాఫీ తెచ్చిన అతని భార్య ఆనందమ్మ. "పాపం, ఆ అబ్బాయి ఒక్క మాట మాట్లాడకుండా గిటారు గోడకి ఆనించి వెళ్ళిపోయాడు. మా పెళ్ళికి కూడా రాలేదమ్మా."

"వస్తే రానివ్వను కూడా" అన్నాడు కృపావరం.

ప్రియ సంచిలోంచి సీడీ ప్లేయర్ తీసి, హెడ్‌ఫోన్లు అతని చెవులకి తగిలించింది.

మొదట కృపావరం మొహం చిట్లించుకునే విన్నాడు. కాసేపటికి కుర్చీ చేతి మీద వేళ్ళు ఆడాయి. చివర్లో ఆ కూత మొదలైంది. సముద్రం మీంచి వచ్చే గాలివానలా లేచింది. దానికి అందకుండా పైకి, ఇంకా పైకి వెళ్ళిపోతోంది ఒక కుర్రగొంతు. ఎవరిదో అనుకున్నాడు ఒక్క క్షణం. తనదే.

హెడ్‌ఫోన్లు తీసేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి. చర్చి క్వయర్లో, పెళ్ళిళ్ళలో, గుడ్ ఫ్రైడే కూటాల్లో, జీవితమంతా పాడుతూనే ఉన్నాడు. ఇలా మాత్రం మళ్ళీ ఎన్నడూ పాడలేదు.

"వాడా కూత పెట్టకపోతే నేనంత ఎత్తుకి వెళ్ళేవాణ్ణే కాదు, ఆనందం. వాణ్ణి ఎంత మాటన్నాను!"

"నాకు చెప్పి ఏం లాభం? ఆయనుండే అవనిగడ్డ ఏమైనా అమెరికానా? బస్సెక్కండి" అంది ఆనందమ్మ.

మర్నాడు పొద్దున్నే ప్రియని వెంటబెట్టుకుని బస్సెక్కాడు. చల్లపల్లి దాటేదాకా ఏం మాట్లాడాలో లోపల్లోపలే చెప్పుకున్నాడు. మోపిదేవి వచ్చేసరికి అదంతా మరిచిపోయాడు.

ఏలీయా బస్టాండు దగ్గర్లో నీళ్ళమోటార్లకి వైండింగ్ చేసే కొట్టు పెట్టుకున్నాడు. జుట్టు తెల్లబడింది. రాగితీగ చుడుతున్న చేతులు మాత్రం పాత చేతులే.

గుమ్మంలో నిలబడ్డ మనిషిని ఎగాదిగా చూసి, "లావెక్కావురా" అన్నాడు.

కృపావరం చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. "ఒరేయ్ ఏలీయా... తప్పయిపోయిందిరా. ఆరోజు నువ్వు పాట పాడుచెయ్యలేదు. నిలబెట్టావు. నిన్ననే తెలిసింది నాకు."

"నిన్ననా? తొందరగానే తెలిసిందే!" ఏలీయా నవ్వి, బల్ల మీద సామానంతా పక్కకి నెట్టి చోటు చేశాడు. "కూర్చో ముందు. ఇంకా పాడుతున్నావుగా?"

"పాడకపోతే బతగ్గలనా?"

"నాకు తెలుసులే. ఈ పక్క కూటాలకి వచ్చినప్పుడల్లా వెనక నిలబడి వింటూనే ఉన్నాను."

"మరి పలకరించలేదేంరా దుర్మార్గుడా!"

"పలకరిస్తే పాట ఆపి పోట్లాడతావని."

ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. కృపావరం కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. టీలు వచ్చాయి. రికార్డు సంగతంతా ప్రియ చెప్పింది. ఏలీయా వెంటనే సరేనన్నాడు. ఇక కూత కోసే ప్రసక్తే లేదని కృపావరమే రెండుసార్లు అన్నాడు.

"అట్ట మీద పేర్లు ఇలా వేద్దామనుకుంటున్నాం అంకుల్" అంది ప్రియ ఉత్సాహంగా. "పాట కృపావరం. కింద పెద్దక్షరాల్లో, చివరి కూత ఏలీయా."

"వద్దమ్మా. దానికి కూడా వీడి పేరే వెయ్యి" అన్నాడు ఏలీయా.

"అదేం కుదరదు!" కృపావరం గట్టిగా అడ్డొచ్చాడు. "ఇన్నేళ్ళూ నిందలు మోసింది చాలు. నీ కూతకి నీ పేరు ఉండాల్సిందే."

ఏలీయా చెయ్యి తుడుచుకుని స్నేహితుడి భుజం మీద వేశాడు.

"నా గిటారు తీగ పాట సగంలోనే తెగితే వాయించడం ఆపేశానురా పిచ్చోడా. నువ్వే కళ్ళు మూసుకుని పాడుకుంటూ వెళ్ళి స్పీకరు బాక్సు ముందు నిలబడ్డావు, కూసింది నీ మైకు. ఆ సంగతి ఆరోజే చెప్పుంటే, జన్మలో మళ్ళీ మైకు పట్టుకునేవాడివా?"