దాటినవాళ్ళ లెక్క

"అత్తయ్యా, నా చెయ్యి వదలకండి. ఈ లారీ పోగానే దిగుదాం," అంది కోడలు.

"లారీ వెనక ఇంకో లారీ ఉందే తల్లీ!" అంటూ అత్తగారు ఎత్తిన కాలు మళ్ళీ వెనక్కి తీసుకుంది.

రోడ్డుకి అవతల, తన గుమ్మంలో నిలబడి అత్తగారి చెల్లెలు చెయ్యి ఊపుతోంది. ఊరు పెరుగుతోందని రోడ్డు వెడల్పు చేసిన దగ్గర్నుంచీ అక్కచెల్లెళ్ళకి ఇదే వరస. ఎదురెదురు గుమ్మాల్లో కూర్చుని, ఫోన్లో మాట్లాడుకుంటారు. ఎదురింటికి ఫోనేమిటని నవ్వేవాళ్ళు నవ్వారు గానీ, కోడలికి మాత్రం అది చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోయేది. కుట్టుమిషను పక్కనపెట్టి, రోడ్డు మీద ట్రాఫిక్ సిగ్నల్ కోసం మునిసిపాలిటీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. చివరికి వాళ్ళు, "మీకూ వెనక వీధికీ కలిపి ఒక్కటే ఇస్తాం. మా మనుషులొచ్చి లెక్క చూస్తారు. ఎక్కడ ఎక్కువ తేలితే అక్కడే," అని తేల్చేశారు.

ఆ మనుషుల్లో ఒకాయన ఇవాళ వచ్చాడు. కోడలి కుట్టు దుకాణం నీడలోనే మడతకుర్చీ వేసుకున్నాడు. చేతిలో చిన్న మిషను. మీట నొక్కితే అంకె పెరుగుతుంది.

"అమ్మాయ్, మనం ఇవాళ గట్టిగా దాటాలి," అన్నాడు పక్కింటి లెక్కల మాస్టారు. "ఎంతమంది దాటితే అంత లెక్క. నాకు తెలుసుగా!"

మాస్టారు 'నాకు తెలుసుగా' అన్నాక ఆ వీధిలో ఇక ఎదురు మాట్లాడేవాళ్ళెవరు? మందుల షాపాయన షట్టరు దించి దాటాడు. మంగలి, సగం గడ్డం గీసిన మనిషిని నురగతో సహా వెంటబెట్టుకుని దాటాడు. దాటి ఏం చేశారయ్యా అంటే, మళ్ళీ ఇటు దాటారు. మోకాళ్ళ నొప్పులని మంచం దిగని పెద్దాయన కూడా అటూ ఇటూ ఒకటే తిరుగుడు. ఆయన్ని చూసి ఓ లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏంటి పెద్దాయనా, ఇందాకేగా అటు పోయావు?"

"ఒకటి మర్చిపోయానయ్యా!"

"ఏం మర్చిపోయావు?"

"అదే గుర్తు రావట్లేదు!"

డ్రైవరు తల బాదుకున్నాడు. ఆ వెనకవాళ్ళు హారన్లు కొట్టి కొట్టి విసిగి, వచ్చిన దారినే బళ్ళు తిప్పుకున్నారు. మధ్యాహ్నమయ్యేసరికి రోడ్డంతా మనుషులదే అయిపోయింది. పిల్లలు ఏకంగా బంతాట మొదలుపెట్టారు.

"ఇప్పుడు పదండి అత్తయ్యా!"

అత్తగారు మెల్లిగా దిగింది. అవతల చెల్లెలూ దిగింది. ఇద్దరూ సరిగ్గా రోడ్డు మధ్యకొచ్చి, ఒకరి చేతులొకరు పట్టుకుని నిలబడిపోయారు.

"ఎంత చిక్కిపోయావే! ఫోన్లో బాగానే ఉన్నానంటావు?"

"నువ్వు మాత్రం? చేతులిలా వణుకుతున్నాయని ఒక్కసారైనా చెప్పావా అక్కా?"

కోడలికి కళ్ళ నీళ్ళు ఆగలేదు. పైటచెంగుతో మొహం తుడుచుకుంది. ఇక ఈ చేతులు విడిపోనక్కర్లేదు, సిగ్నల్ పడితే రోజూ ఇలాగే కలుసుకుంటారు అనుకుని మురిసిపోయింది. అంతలో ఎందుకో మునిసిపాలిటీ మనిషి వైపు చూసి గతుక్కుమంది. ఆయన నోరంతా తెరిచి ఆవలిస్తున్నాడు. మీట మీద వేలు కదలడం లేదు. ఓరి దేవుడా, ఇంత కష్టమూ బూడిదలో పోసిన పన్నీరైపోతుందేమోనని గ్లాసుడు టీ పట్టుకుని పరిగెత్తింది.

"అన్నయ్యా, కాస్త చూస్తూ ఉండండి. నిద్రపోతే లెక్క తప్పుతుంది."

"భలేదానివమ్మా! ఇన్నేళ్ళ సర్వీసు నాది. నా కళ్ళుగప్పి ఒక్కటీ పోలేదు," అన్నాడాయన టీ ఊదుకుంటూ.

ఆ మాటతో ఆమె మనసు కుదుటపడింది. వీధిలో అందరికీ చెప్పింది. అందరూ ఓపిక కూడగట్టుకుని సాయంత్రం దాకా దాటుతూనే ఉన్నారు.

చీకటి పడకముందే ఆయన కుర్చీ మడిచాడు. వీధంతా చుట్టూ మూగింది. మాస్టారు చొక్కా సర్దుకుని అందరికన్నా ముందు నిలబడ్డాడు.

"సిగ్నల్ మాదేగా అన్నయ్యా?" అంది కోడలు, అత్తగారి చెయ్యి పట్టుకుని.

"మీకెందుకమ్మా సిగ్నలు? నిక్షేపంలాంటి రోడ్డు! మధ్యాహ్నం నుంచీ ఒక్క బండి వస్తే ఒట్టు. వెనక వీధిలో కూర్చున్న మావాడు పాపం నొక్కీ నొక్కీ వేలు వాచిందని ఫోన్ చేశాడు."

కోడలు ఒక అడుగు ముందుకొచ్చింది. "అదేంటన్నయ్యా! పొద్దున్నుంచీ వీధి వీధంతా మీ కళ్ళముందే దాటాం కదా! మా లెక్కేమైంది?"

ఆయన ఆశ్చర్యంగా చూశాడు.

"నన్ను బళ్ళు లెక్కపెట్టమన్నారు తల్లీ. మనుషుల్ని లెక్కపెట్టమని మాకెప్పుడూ ఎవరూ చెప్పలేదు!"